ఏం కబురు? ఇండోనేషియా ఫెర్రీల మీద మాట కలపడం

కర్నూలులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని ఎత్తిరాశాం. తడబాట్లు తప్ప మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్లకు వినపడుతోందా? ఫ్యాన్ల శబ్దం అడ్డమొస్తే చెప్పండి, ఒకటి ఆపిద్దాం.

మొదట ఒక ప్రశ్న. ఇక్కడ పుట్టి ఎక్కినవాళ్లు ఎంతమంది? కృష్ణలో గానీ తుంగభద్రలో గానీ. చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైనే ఉన్నారు. సముద్రం లేని జిల్లా మనది. అయినా నీళ్లు దాటడం మనకేం కొత్త కాదు. 1860ల్లో కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ తవ్వినప్పుడు సాగునీటితో పాటు పడవలు తిరగడం కూడా లెక్కలో ఉండింది. సరే, పుట్టిలో ఆ ఒడ్డు చేరేలోపు ఏం చేస్తాం? మోకాళ్లు మోకాళ్లు తగిలేట్టు కూర్చుంటాం. ఎదురుగా ఉన్న మనిషిని "యా ఊరు మీది?" అని అడక్కుండా ఉండగలమా? ఉండలేం. ఫెర్రీ మీద, అంటే మనుషుల్నీ బండ్లనీ ఒక రేవు నుంచి ఇంకో రేవుకు దాటించే ఓడ మీద కూడా అంతే. లేచి వెళ్లిపోవడానికి చోటుండదు, చేయడానికి పనుండదు, గంటో ఐదు గంటలో పక్కపక్కన గడపాలి. పరాయి భాష నోట్లో తిరగాలంటే ఇంతకంటే మంచి తావు లేదని నా గట్టి నమ్మకం.

ఈరోజు ఇండోనేషియా గురించే మాట్లాడతాను. ఎందుకు ఇండోనేషియా? రెండు కారణాలు. ఒకటి, అది 17,000కు పైగా దీవుల దేశం. అక్కడ ఫెర్రీ అంటే మనకు ఆర్టీసీ బస్సు లాంటిది. జావాకూ బాలికీ మధ్య వంతెన లేదు. బస్సులు, లారీలు, మోటార్ సైకిళ్లు, మనుషులు, అన్నీ ఓడెక్కి దాటాల్సిందే. రెండో కారణం మనలోనే ఉంది. ఆ భాషలో చాలా మాటలు మన నోట్లో ముందే ఉన్నాయి. ముఖ్యంగా మన రాయలసీమ వాళ్ల నోట్లో.

ఎట్లాగో చెప్తాను. అక్కడ ఇద్దరు కలిస్తే మొదట అడిగేది "అపా కబర్?" అపా అంటే ఏమి. కబర్ అంటే? చెప్పండి. కబురు! "ఏం కబురు?" అంతే. క్షమించండి అనాలంటే "మాఅఫ్". మనకు రుణమాఫీ తెలియదా? జవాబుకు "జవాబ్". హక్కుకు "హక్". హాజరుకు "హాదిర్". కుర్చీకి "కుర్సి". మీ అసలు ఊరు ఏది అని అడగాలంటే "అసల్ దారి మనా?" ఇవన్నీ అరబ్బీ మాటలు, కొన్ని పారసీకం మీదుగా ఇక్కడికీ వచ్చాయి, అక్కడికీ పోయాయి. కర్నూలు పాతబస్తీలో, కడపలో ఉర్దూ చెవిన పడి పెరిగినవాళ్లకు ఇవి నేర్పాల్సిన పనే లేదు. లోకానికి "దునియా", ఓర్పుకు "సబర్", వయసుకు "ఉముర్".

ఇక సంస్కృతం వైపు రండి. భాషకు "బహాస". పేరుకు "నామ". రుచికి "రస". రంగుకు "వర్న". కారణం చెప్పేటప్పుడు మధ్యలో పెట్టే మాట "కరెన". ధరకు "హర్గ", అది మన "అర్ఘం". ఉపవాసానికి "పువాస", రంజాన్ ఉపవాసాన్ని కూడా అట్లాగే అంటారు. ఆఖరికి "నేను" అనే మాట కూడా "సయా". అది "సహాయ" నుంచి వచ్చింది, తోడుండేవాడు, సేవకుడు అనే అర్థంలో. థాంక్యూకు "తెరిమా కాసి" అంటారు. దానికి ఎదుటివాళ్లు ఏమంటారు? "సమ-సమ". సమానం, సమానం. ఎంత బాగుంది ఆ మాట! ఓడను "కపల్" అంటారు, అది తమిళ కప్పల్. పెట్టెను "పెతి" అంటారు. ఓడ మీద లైఫ్ జాకెట్లుండే పెట్టె కనిపిస్తే దాన్ని ఏమనాలో మీకు ముందే తెలుసు.

అయితే ఇక్కడే కాలు జారే చోట్లు కూడా ఉన్నాయి. రాసుకునేవాళ్లు ఇవి రాసుకోండి. "సువామి" అంటే భర్త. "ఇస్త్రి" అంటే భార్య, బట్టలకు చేసేది కాదు, ఏ స్త్రీ అయినా కాదు, పెళ్లాం మాత్రమే. "దేస" అంటే పల్లె, దేశం కాదు. "కోతా" అంటే పట్టణం, అది మన కోటే. "దోస" అంటే పాపం. క్యాంటీన్‌లో దోసె ఉందా అని అడిగితే పాపం ఉందా అని అడిగినట్టు. "బిసా" అంటే వీలవుతుంది అని, విషం అని కూడా. సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, భయపడకండి. "ఇతు" అంటే అది. మనం ఇటు అన్నట్టు వినపడుతుంది గానీ వేలు అటు వైపు చూపిస్తుంది. "అదా" అంటే ఉంది. మన సీమలో "ఆడ" అంటే అక్కడ కదా, మొదటి రెండు రోజులు ఇది బాగా తికమక పెడుతుంది. అంకెల్లో ఇంకా వింత. పాత వాడుకలో "లక్స" అంటే 10,000, "కెతి" అంటే లక్ష. మన లక్ష, మన కోటి అక్కడికి పోయేసరికి చిన్నవైపోయాయి. అదృష్టం ఏమంటే ఈ రెండూ ఇప్పుడు బజార్లో వాడరు. వాడేది "రిబు", అంటే వెయ్యి, "జుతా", అంటే పది లక్షలు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇదొకటి చెప్పేస్తాను. మన ఒక రూపాయికి వాళ్ల రూపియాలు దరిదాపుగా 180 నుంచి 190 వస్తాయి, రేటు మారుతుంటుంది. లక్ష రూపియాల నోటు అంటే మన 500 పైచిలుకు. అమ్మేవాళ్లు వేలు అనే మాట మింగేస్తారు. కాఫీ ఎంత అంటే "లిమా" అంటారు. లిమా అంటే ఐదు. ఐదు రూపియాలు కాదు, ఐదు వేలు. 2,000 నోటు, 20,000 నోటు చీకట్లో తారుమారు చేయడం కొత్తవాళ్లందరూ చేసే తప్పు. రెండింటిలోనూ ముందు 2 ఉంటుంది, కన్ను సున్నాలు లెక్కపెట్టదు. ఓడెక్కక ముందే చిన్న నోట్లన్నీ ఒక జేబులో, పెద్దవి వేరే జేబులో పెట్టుకోండి.

టికెట్టు, రేవు, ఓడ

ఇప్పుడు ప్రయాణం సంగతి. ఏ ఓడ ఎక్కాలి? ముందు పొట్టి ప్రయాణం ఎక్కండి. జావా తూర్పు కొసన కెతపాంగ్ రేవు, బాలి పడమటి కొసన గిలిమానుక్ రేవు. దాటడానికి 45 నిమిషాల నుంచి గంట. పగలూ రాత్రీ ఓడలు తిరుగుతూనే ఉంటాయి. అయితే దాటడం గంటే గానీ, అవతల రేవులో ఖాళీ దొరికే దాకా ఓడ నీళ్లలోనే ఆగుతుంది. అది ఇంకో అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దీన్ని చూసి విసుక్కోకండి, మాటలకు దొరికే అసలు సమయం అదే. తర్వాతి మెట్టు బాలిలో పాడాంగ్‌బాయ్ నుంచి లొంబోక్ దీవిలో లెంబార్‌కు, నాలుగైదు గంటలు. ఆ పైన లొంబోక్ తూర్పున కయాంగన్ నుంచి సుంబావా దీవిలో పొతో తానోకు, గంటన్నర, రెండు గంటలు. సుంబావా కొసన సాపె నుంచి ఫ్లోరెస్ దీవిలో లబువాన్ బజోకు ఆరేడు గంటలు. ఇంకా ఓపికుంటే పెల్ని వాళ్ల పెద్ద ఓడలున్నాయి. 1952లో మొదలైన ప్రభుత్వ కంపెనీ. ఒక్కో పెద్ద ఓడలో రెండు వేల మంది పడతారు. ఎకానమీ క్లాసులో వరుసగా పరుపులు, పరుపుకో నంబరు, టికెట్టులోనే భోజనం. రోజుల తరబడి ప్రయాణం. భాష రాకుండా మొదటిసారే దాన్లో ఎక్కడం మంచిది కాదని నా సలహా. పొట్టి ప్రయాణాలు మూడు నాలుగు చేశాక ఎక్కండి.

టికెట్టు ఎట్లా? కెతపాంగ్, గిలిమానుక్, జావా పడమటి కొసన మెరాక్, దానికెదురు సుమాత్రాలో బకావుహెని, ఈ నాలుగు రేవుల్లో "ఫెరిజీ" అనే యాప్‌లో ముందే కొనాలి. రేవు గేటు దగ్గరికి పోయి కొందాంలే అంటే కుదరదు. పాస్‌పోర్టులో పేరు ఎట్లా ఉందో అట్లాగే కొట్టాలి. మన పేర్లతో వచ్చే చిక్కు తెలుసు కదా, ఇంటిపేరు ముందా వెనకా? పాస్‌పోర్టు చూసి కొట్టండి, అలవాటుగా కొట్టకండి. మన కార్డు ఆ యాప్‌లో నడవకపోవచ్చు. అప్పుడు రేవుకు వచ్చే దారిలో టికెట్లు కొట్టిచ్చే చిన్న అంగళ్లుంటాయి, కొంచెం కమీషన్ తీసుకుంటారు. అది సరే. కానీ గేటు దగ్గర చేయి పట్టుకుని లాగేవాడికి డబ్బివ్వకండి. అట్లాంటి దళారిని "చాలో" అంటారు. చాలు అనుకుని పక్కకు తప్పుకోండి.

టికెట్టులో పేరు సరిగా ఉండాలని ఎందుకు ఇంత నొక్కి చెప్తున్నాను? ప్రయాణికుల జాబితాను "దాఫ్తర్ పెనుంపాంగ్" అంటారు. దాఫ్తర్, మన దఫ్తరే. ఓడకు ఏదైనా జరిగితే ఎవరెవరు ఉన్నారో ఆ జాబితాను బట్టే వెతుకుతారు. 2018 జూన్‌లో సుమాత్రాలోని తోబా సరస్సులో సినార్ బంగున్ అనే ఓడ మునిగినప్పుడు అసలు ఎంతమంది ఎక్కారో చెప్పే జాబితానే లేదు. 2025 జూలై 2 రాత్రి ఇప్పుడు చెప్పిన కెతపాంగ్, గిలిమానుక్ మధ్యనే టునూ ప్రతమ జయ అనే ఫెర్రీ మునిగింది. ప్రథమ, జయ, పేరులో ఉన్నవి మన మాటలే. భయపెట్టడానికి చెప్పడం లేదు. రోజూ వేల మంది క్షేమంగా దాటుతున్నారు. కానీ ఎక్కేవాడికి ఓడ ఎట్లా ఉంటుందో తెలిసి ఉండాలి.

ఈ ఫెర్రీల్లో కింద అంతస్తు మొత్తం ఒకటే హాలు, మధ్యలో గోడలుండవు, ఎందుకంటే లారీలు ఒక వైపు ఎక్కి ఇంకో వైపు దిగాలి. ముందూ వెనకా పెద్ద ఇనుప తలుపులు, అవే రేవు మీదికి వాలి దారి అవుతాయి. ఇప్పుడు చూడండి, ఇంట్లో పెద్ద తాంబాళంలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి రెండు చేతులతో ఎత్తి నడవండి. ఏమవుతుంది? కొంచెం వంగితే నీళ్లన్నీ ఆ వైపుకే పరిగెత్తుతాయి, ఇంకా వంగుతుంది. ఆ కింది అంతస్తులోకి నీళ్లు వస్తే జరిగేది అదే. ఓడ త్వరగా పక్కకు ఒరుగుతుంది, లారీలు జారుతాయి. అందుకే ఓడ కదిలాక బస్సులోనో కారులోనో కూర్చుని నిద్రపోవద్దు. ఏసీ ఉందని చాలామంది ఉండిపోతారు. ఉండకండి. మెట్లెక్కి పైకి రండి.

నడిచి ఎక్కేవాళ్లు లారీలకు ఎడంగా, అంచు వెంబడి నడవాలి. లారీ వెనక్కి తిప్పేటప్పుడు దాని వెనక నిలబడొద్దు. పైకి రాగానే మొదట చేయాల్సిన పని మూడు నిమిషాలది. లైఫ్ జాకెట్ల పెట్టె ఎక్కడుందో చూడాలి. మీరు కూర్చునే చోటు నుంచి బయటి డెక్కు మీదికి రెండు దారులు కనిపెట్టాలి. ఆ తలుపులు తెరుచుకుంటాయో లేదో ఒకసారి తోసి చూడాలి. ఏడు పొట్టి కూతలు, తర్వాత ఒక పొడుగు కూత వినిపిస్తే అది ప్రమాద సంకేతం, ప్రపంచంలో ఏ ఓడ మీదైనా అంతే. అంతవరకు చాలు. ఇక నిశ్చింతగా కూర్చోండి.

కడుపులో తిప్పడం గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. దాన్ని "మాబుక్ లావుత్" అంటారు, సముద్రం ఎక్కించిన మత్తు అని. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, నిండా తినీ ఎక్కొద్దు. ఓడ మధ్య భాగంలో, మనుషులు కూర్చునే అంతస్తుల్లో కింది దాంట్లో ఊపు తక్కువ. ఫోను చూడడం ఆపి దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే గీత చూడండి. మాత్ర వేసుకునేట్టయితే ఎక్కడానికి అరగంట, గంట ముందు వేసుకోవాలి, కడుపు తిరిగాక వేసుకుంటే పెద్దగా పని చేయదు. అక్కడ అంగళ్లలో దొరికే "అంతిమొ" మాత్ర నిద్ర తెస్తుంది. గంట ప్రయాణానికి అది వేసుకుంటే మాటలు కాదు, గురకే. లొంబోక్ జలసంధిలో మాత్రం కెరటాలు, ప్రవాహం రెండూ బలమైనవే, అక్కడికి వేసుకోండి. గాలులు ఎక్కువున్న రోజున వాతావరణ శాఖ హెచ్చరిస్తుంది, ఓడలు ఆపేస్తారు. ఆపితే ఆగండి.

ఇంకో రెండు సంగతులు చెప్పి అసలు విషయంలోకి వస్తాను. జావా గడియారం మనకంటే గంటన్నర ముందు. బాలిది రెండున్నర గంటలు ముందు. అంటే కెతపాంగ్‌లో రాత్రి 10కి ఓడ కదిలితే, గంట ప్రయాణం తర్వాత గిలిమానుక్‌లో దిగేసరికి 12. తిరుగు దారిలో బాలిలో 10కి ఎక్కితే జావాలో దిగేదీ 10కే. బస్సు, రైలు పట్టుకోవాలనుకునేవాళ్లు ఇక్కడే పొరపాటు పడతారు. రెండోది, బాలివాళ్లదీ శక సంవత్సరమే. వాళ్ల కొత్త సంవత్సరం "ఞెపి". ఆ రోజు ఎవరూ ఇల్లు కదలరు, దీపం పెట్టరు, విమానాశ్రయం మూసేస్తారు, గిలిమానుక్ ఫెర్రీ కూడా ఆగిపోతుంది. 2023లో మన ఉగాదీ వాళ్ల ఞెపీ ఒకే రోజు, మార్చి 22న వచ్చాయి. 2024లో నెల తేడా వచ్చింది. కాబట్టి మన పంచాంగం చూసి ధైర్యం చేయొద్దు, మార్చిలో పోయేవాళ్లు తేదీ కనుక్కుని పోండి.

నోరు తిరగడం

ఇప్పుడు ఆ "ఞెపి" అన్నాను కదా, మళ్లీ అనండి. ఞెపి. మన వర్ణమాలలో ఙ, ఞ అని రెండు అక్షరాలుంటాయి. చిన్నప్పుడు దిద్దించారు, ఆ తర్వాత వాటితో పని పడిందా ఎప్పుడైనా? మాట మొదట్లో వచ్చేట్టు ఒక్క మాట చెప్పండి చూద్దాం. లేదు కదా. అక్కడ ఆ రెండూ మాట మొదట్లో కూడా వస్తాయి. దోమకు "ఞాముక్". నిద్ర వస్తోంది అనడానికి "ఙాంతుక్". ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లు దీని దగ్గర నానా తంటాలు పడతారు. మనకు అక్షరమే ఉంది. అఙ్ అని మొదలుపెట్టి అ తీసేయండి, ఙా వస్తుంది. అందరూ ఒకసారి. ఙాంతుక్. బాగుంది.

ఇంకో రెండు మెలకువలు. మాట చివర క్ వస్తే దాన్ని పలకరు, గొంతులో తుంచేస్తారు. "తిదాక్" అని రాస్తారు, "తిదా" అని టక్కున ఆపుతారు. "పాక్" కూడా అంతే, "పా" అని ఆపేయడమే. రెండోది, వాళ్లు రాసేది ఇంగ్లీషు లిపిలోనే, అందులో సి కనిపిస్తే అది ఎప్పుడూ చ. పుస్తకంలో తిదాక్ అని నేర్చుకుంటారు గానీ ఓడ మీద వినపడేది "ఎంగా". రెండూ ఒకటే, లేదు అని. మీరు తిదాక్ అనండి, వాళ్లు ఎంగా అంటే అర్థం చేసుకోండి.

వ్యాకరణంలో మనకు దొరికే సుఖం చెప్తాను. మేము, మనం. ఈ తేడా ఇంగ్లీషులో ఉందా? లేదు. హిందీలో? లేదు. ఇండోనేషియా భాషలో ఉంది. "కామి" అంటే మేము, "కితా" అంటే మనం. వేరే దేశాల వాళ్లు ఏళ్ల తరబడి దీన్ని తప్పు పలుకుతుంటారు. పొట్లం విప్పుతూ "కితా మాకన్" అంటే పక్కాయన కూడా తినడానికి రావాలి, మనం తిందాం అన్నారు కాబట్టి. "కామి మాకన్" అంటే మేము తింటాం, నువ్వు వేరు. మీకు ఇది చెప్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచి తెలుసు.

అట్లాగే లేదు, కాదు, వద్దు, ఇంకా లేదు. మనకు నాలుగు వేరు వేరు మాటలు కదా? వాళ్లకూ వేరే. "తిదాక్ అదా" లేదు. "బుకన్" కాదు. "జాంగన్" అట్లా చేయొద్దు. "బెలుమ్" ఇంకా లేదు. ఈ బెలుమ్ చాలా పెద్ద మనసున్న మాట. పెళ్లయిందా అని అడుగుతారు, మొహమాటం లేకుండా అడుగుతారు. కాకపోతే "తిదాక్" అనకూడదు, అది తలుపు మూసినట్టు ఉంటుంది. "బెలుమ్" అనాలి. పిల్లలున్నారా? బెలుమ్. బాలి చూశారా? బెలుమ్. వయసు అరవై దాటినా సరే, బెలుమ్. క్రియకు కాలాలు లేవు, మనిషిని బట్టి మారడం లేదు. అయిపోయిందా, "సుదా". కాలేదా, "బెలుమ్". సుదా మాకన్? తిన్నారా? సుదా. తిన్నాను. సగం సంభాషణ ఈ రెండు మాటలతో నడుస్తుంది.

పిలుపు గురించి. "నువ్వు", "మీరు" అనే మాటలు పుస్తకంలో ఉంటాయి, నోటితో ఎక్కువ వాడరు. వరస పెట్టి పిలుస్తారు. మనమూ అంతే కదా, తెలియని మనిషిని అన్నా అంటాం, అక్కా అంటాం, పెద్దాయనా అంటాం. నాన్న వయసు మగవాళ్లు "పాక్", అమ్మ వయసు ఆడవాళ్లు "బు". జావాలో అన్న వయసు వాళ్లు "మాస్", అక్క వయసు వాళ్లు "మ్బా". బాలిలో అన్న "బ్లీ", అక్క "మ్బొక్". తూర్పు దీవుల వైపు పోతే మామయ్య లాంటి వాళ్లను "ఓమ్" అంటారు, అది డచ్చి మాట, మన ఓంకారం కాదు. వరస లేకుండా మొదలుపెట్టిన వాక్యం మొరటుగా వినపడుతుంది. ఎంత తప్పు మాట్లాడినా చివర పాక్ అనో బు అనో తగిలించండి, ఎదుటి ముఖం మెత్తబడుతుంది.

ఇప్పుడు క్రమం. ఎక్కగానే ఎవరినీ పలకరించొద్దు, అందరూ సామాన్లు సర్దుకుంటుంటారు. చాప పరిచి నేల మీద కూర్చునే గది ఉంటే చెప్పులు బయట విప్పాలి. ఖాళీ చూసి "పెర్మీసీ, పాక్. బోలే దుదుక్ ది సినీ?" అనండి. ఇక్కడ కూర్చోవచ్చా అని. ఒంటరిగా పోయే ఆడవాళ్లు పిల్లలతో ఉన్న "బు" పక్కన కూర్చుంటే మాటకు మాట, తోడుకు తోడు. ఓడ కదిలాక పొట్లాలు విప్పుతారు. "మారి, మాకన్" అంటారు, రండి తిందాం అని. మన దగ్గర అన్నం ముందు కూర్చుని పలకరించినట్టే అది, నిజంగా తినేయమని కాదు. "తెరిమా కాసి, సిలాకన్" అనండి, మీరు కానివ్వండి అని. రెండోసారి, మూడోసారి గట్టిగా అడిగితే కొంచెం తీసుకోండి, కుడి చేత్తో. ఎడమ చేయి ఇవ్వడానికీ వద్దు, తీసుకోవడానికీ వద్దు, ఇది మనకు తెలిసిందే.

శాకాహారులు ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. మాంసం తినను అని ఒక్క మాటంటే చాలదు. "దాగింగ్" అంటే వాళ్ల లెక్కలో గొడ్డు మాంసం లాంటివి, కోడి అందులోకి రాదు, చేప అసలే రాదు. విడివిడిగా చెప్పాలి. "సయా తిదాక్ మాకన్ దాగింగ్, ఆయమ్, ఇకన్, తెలుర్." మాంసం, కోడి, చేప, గుడ్డు. దాని మీద "తన్పా తెరాసి" అని కూడా అనాలి. తెరాసి అంటే రొయ్యల ముద్ద, వాళ్ల కారంలో కలిపి నూరుతారు, కంటికి కనపడదు. ఓడ మీద బాధ లేకుండా తినగలిగేది "కచాంగ్ రెబుస్". ఏమిటది? ఉడకబెట్టిన చెనిక్కాయలు! అనంతపురం వాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ పొట్లం చేతిలో పట్టుకుని, మా ఊర్లో ఇవి పండుతాయి అని చెప్పండి. "ది తెంపత్ సయా జుగా అదా." మా దగ్గర కూడా ఉన్నాయి. అక్కడి నుంచి మాట దానంతట అదే సాగుతుంది.

వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "మౌ కె మనా?" యాడికి పోతుండారు? కొత్తవాళ్లు దీనికి ఉలిక్కిపడతారు, మా సంగతి వీళ్లకెందుకు అని. మీరు ఉలిక్కిపడరు. పొద్దున లేస్తే మన వీధిలో అడిగేది అదేగా? ఊరు చెప్పాలని లేకపోతే "జలన్-జలన్" అనండి, ఊరికే అట్లా తిరగడానికి అని. తర్వాత దారి మనా, ఎక్కడి నుంచి. తర్వాత పెళ్లి, పిల్లలు, వయసు, మతం. ఈ వరుస తప్పదు. ఇది ఆరా తీయడం కాదు, మిమ్మల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ వరస పెట్టి పిలవాలో తెలుసుకోవడం.

ఇంకోటి గుర్తుంచుకోండి. ఆ దేశంలో 700కు పైగా భాషలున్నాయి. 1928 అక్టోబర్ 28న యువకుల సభలో, మనందరికీ ఉమ్మడి భాష ఇది అని ప్రతిజ్ఞ చేసి పెట్టుకున్నదే ఈ ఇండోనేషియా భాష. ఓడ మీద మీ పక్కనున్న మనిషి ఇంట్లో మాట్లాడేది జావా భాషో, మదురా భాషో, సాసాక్ భాషో అయి ఉంటుంది. అంటే ఆయనకు కూడా ఇది బడిలో నేర్చుకున్నదే. అందుకే మీ తప్పుల మీద కోపం రాదు. బాలివాళ్లతో అయితే తెరిమా కాసి బదులు "సుక్స్మ" అని చూడండి. సూక్ష్మ. ఆ ఒక్క మాటకే నవ్వుతారు.

మగవాళ్లకు మాట కలవాలంటే లారీ డ్రైవర్ల దగ్గర కూర్చోండి. వాళ్లకు రేవుల సంగతి, కెరటాల సంగతి, ధరల సంగతి అన్నీ తెలుసు. సిగరెట్టు ఇస్తారు, లవంగం వాసనతో ఉంటుంది. తాగకపోతే "సయా తిదాక్ మెరోకోక్" అంటే సరిపోతుంది. తర్వాత అడగండి, "బావా అపా, పాక్?" బావా అంటే మోసుకుపోవడం. ఏం సరుకు వేసుకొచ్చారు? సుంబావా నుంచి వచ్చే ఓడ అయితే చాలాసార్లు జవాబు "బావాంగ్ మేరా". ఎర్ర ఉల్లి! సుంబావాలో బిమ అనే ప్రాంతం ఉల్లికి పేరు, జావాలో బ్రెబెస్ పేరు. కర్నూలు ఉల్లి మార్కెట్టు పక్కన బతికే మనకు ఇంతకంటే ఏం కావాలి? "బెరాపా సెకిలో?" కిలో ఎంత? ఈ ప్రశ్న అడిగాక మీరు మాట్లాడక్కర్లేదు, ఆయనే మాట్లాడతాడు. ధర పడిపోయిన సంగతి, కుళ్లిపోయిన సంగతి, దళారుల సంగతి. మీరు అంకెలు వినండి, "ఓ, బెగితు" అంటూ ఉండండి, అట్లాగా అని. "హుజన్ సుదా తురున్?" అని కూడా అడగొచ్చు. వాన పడిందా? "బెలుమ్" అని ఆకాశం వైపు చూస్తాడు. ఆ చూపు మనకు తెలియంది కాదు.

దిగేటప్పుడు మైకులో ఇండోనేషియా భాషలోనే చెప్తారు. "సందర్" అనే మాట వినపడితే ఓడ రేవుకు ఆనుకోబోతోందని. లారీల ఇంజిన్లు మొదలవుతాయి, కింద పొగ నిండుతుంది. తొందరపడి కిందికి పరుగెత్తకండి. తలుపు పూర్తిగా వాలి, ముందు వరుస కదిలాక దిగండి. లేచేటప్పుడు మౌనంగా పోకూడదు. మనం పోయొస్తా అన్నట్టు "దులువన్, యా, పాక్" అనాలి, నేను ముందు పోతున్నా అని. వాళ్లు "హాతి-హాతి" అంటారు. హిందీలో లాగా ఏనుగులు కాదు, జాగ్రత్త అని.

ఇప్పుడు ఒక పని చేద్దాం. పక్కవాళ్ల వైపు తిరగండి. అందరూ తిరిగారా? ఎడమ పక్క కూర్చున్నవాళ్లు అడగాలి, కుడి పక్కవాళ్లు చెప్పాలి. వరస మర్చిపోవద్దు, పాక్, బు, మాస్, మ్బా, ఏది తగితే అది. మూడో వరుసలో అమ్మా, మీ పక్కన ఎవరూ లేరు కదా, ముందుకు రండి, నన్ను అడగండి. గట్టిగా. మౌ కె మనా?